పొగ కనిపించని వైపు

"వంద రోజుల తరవాత ఈ నగరంలో సిటీ బస్సు పొగ చూడాలనుకునేవాళ్ళు మ్యూజియానికి వెళ్ళాలి!" అని రవాణా మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు ఆగాక ఇంకో మాట కూడా అన్నారు. "ఇంజన్ కంప్యూటర్లో దొంగతనంగా అంకెలు మార్చేవాళ్ళని వదలం. వాళ్ళ షెడ్లకి సీలు వేస్తాం!"

సరిగ్గా ఆ సమయానికి అంకెల మేస్త్రి అని పేరుపడ్డ మెకానిక్ తన షెడ్డులో కూర్చుని, ఒక వ్యాను ఇంజన్ కంప్యూటర్లో దొంగతనంగా అంకెలు మారుస్తున్నాడు.

ఈ కాలపు ఇంజన్‌కి అరచేతంత కంప్యూటరుంటుంది. ఎంత తొక్కితే ఎంత డీజిల్ పోయాలో అందులో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. మేస్త్రి ఆ ఫైలును లాప్‌టాప్‌లోకి దింపి హెక్స్ ఎడిటర్లో తెరుస్తాడు. తెర నిండా జంటలు జంటలుగా అంకెలూ అక్షరాలూ, చీమల బారులా. ఏ జంటను కదిపితే ఇంజన్ గుర్రమవుతుందో, ఏ జంటను కదిపితే గాడిదవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. చివర్లో చెక్‌సమ్ అని ఒక మొత్తం ఉంటుంది. లోపల ఏం మార్చినా దాన్ని సరిపెట్టాలి. లేకపోతే ఇంజన్ స్టార్టవదు.

ఫోన్లో మంత్రిగారి ప్రసంగం విన్న మేస్త్రి లాప్‌టాప్ మూసి, షట్టరు సగం దించాడు. ఆ సగంలోంచే వంగి మంత్రిగారి పీఏ లోపలికొచ్చాడు.

"అంకెలు మార్చేది మీరేనా?"

"అబ్బే, నాకు ఎక్కాలే రావండీ."

"భయపడకండి. మీ అంతట మీరు మారిస్తే నేరం. మేం మార్పిస్తే పథకం. పదండి."

డిపోలో మంత్రిగారు స్వయంగా లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అంతటి మనిషి గ్రీజు మరకల స్టూలు మీద కూర్చోవడం చూసి డిపో మేనేజరు కళ్ళు చెమర్చాయి.

"ఇందులో పొగ ఎక్కడుందయ్యా?"

"ఈ వరుసలోనండి. ఇక్కడ డీజిల్ తగ్గిస్తే పొగ తగ్గుతుంది."

"తీసెయ్."

"తీసేస్తే బండి లాగదండి. ఇంజెక్టర్లు, ఫిల్టర్లు మార్పిస్తే..."

"బస్సును ముట్టుకోకూడదు. అంకెలతోనే అయిపోవాలి. అవునూ, అంకెల మధ్య ఈ అక్షరాలేమిటి?"

"హెక్స్‌లో ఎ నుంచి ఎఫ్ దాకా వస్తాయండి."

"మరి జి ఏం పాపం చేసింది? నా పేరు జితోనే కదా మొదలయ్యేది!"

"మిగతా ఇరవై అక్షరాలకీ తీరని అన్యాయం సార్," అన్నాడు మేనేజరు, గద్గదస్వరంతో.

"కమిటీ వెయ్యండి," అన్నారు మంత్రిగారు.

చెక్‌సమ్ సంగతి విన్నాక ఆయన ముగ్ధులైపోయారు. "అంటే లోపల ఏం చేసినా, చివర మొత్తం సరిపోతే చాలా? ఈ పద్ధతి మా శాఖలోనే ఉందనుకున్నానే!"

మూడు రోజుల్లో రెండు వందల బస్సులకూ కొత్త ఫైలెక్కింది. నాలుగో రోజు సాయంత్రం మేస్త్రి భార్య ఇంటికొచ్చింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు.

"ఏమయ్యా, నా బస్సుకేం పెట్టావు?" అంది, చెప్పులు విప్పకుండానే.

"పొగ తీశాను."

"ప్రాణం కూడా తీశావు. ఫ్లైఓవర్ ఎక్కి చావడం లేదు. జనం దిగి, నడిచి వెళ్ళి, పైన నా కోసం నిలబడుతున్నారు. ఇవాళ ఒక తాత నన్ను ఓవర్‌టేక్ చేశాడు. చేతికర్రతో! పైగా 'కంగారేం లేదమ్మా, నిదానంగా రా' అని ధైర్యం చెప్పాడు."

మేస్త్రి పడీపడీ నవ్వాడు. ఆవిడ రెండు మెమోలు తీసి అతని ఒళ్ళో పడేసింది. రెండూ ఆలస్యానికి.

"మూడోది వచ్చిందంటే సస్పెన్షన్. ఇప్పుడు నవ్వు."

మేస్త్రి నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఆవిడ బస్సుకి పాత ఫైలు తిరిగి ఎక్కించేశాడు.

పదింటికి మంత్రిగారు ప్రారంభోత్సవానికొచ్చారు. స్టీరింగ్ వెనక ఆడమనిషి ఉంటే ఫోటో బాగుంటుందని సరిగ్గా ఆ బస్సే ఎక్కారు. వెంట ఎనభై మంది కార్యకర్తలెక్కారు. విలేఖరుల కోసం శాఖవారు వెనకే ఇంకో బస్సు పెట్టారు.

మేస్త్రికి షెడ్డూ, ఆవిడ ఉద్యోగమూ ఒకేసారి కళ్ళముందు సీలుపడ్డాయి. డ్రైవరు కిటికీ దగ్గరకు పరిగెత్తాడు. "పాత ఫైలుంది! మెల్లగా తొక్కు!"

"ఇంతమందితో మెల్లగా తొక్కితే కిందికే జారతాం. తప్పుకో!"

ఆవిడ తొక్కింది. బస్సు ఫ్లైఓవర్‌ను ఒక్క గుక్కలో మింగేసింది. వెనక మాత్రం పట్టపగలు చీకటి పడింది. విలేఖరుల బస్సు కొత్త ఫైలుది కాబట్టి సగంలో చతికిలపడింది. వెనక బైకుల మీద తెల్లచొక్కాలతో బయల్దేరిన మిగతా కార్యకర్తలు పైకి చేరేసరికి మసిబారి ఏ పార్టీవాళ్ళో తెలియలేదు.

ఒక విలేఖరి దగ్గుకుంటూ నడిచొచ్చి అడిగాడు. "సార్, ఆ పొగ?"

"ఏ పొగ? నేను మొదట్నుంచీ ముందు సీట్లోనే ఉన్నాను. కళ్ళు చిట్లించి మరీ చూశాను. ఎక్కడుంది పొగ?"

ఈ మాటలోని లోతు శాఖకు సాయంత్రానికే అర్థమైంది. ఇకమీదట పొగను బస్సు ముందువైపు మాత్రమే కొలవాలని ఉత్తర్వు వెలువడింది. అన్ని బస్సులకూ పాత ఫైళ్ళొచ్చాయి. ఆలస్యాల మెమోలు రద్దయ్యాయి. ఒకరోజు పొద్దున పరీక్షకొచ్చిన ఇన్‌స్పెక్టరు మీటరు గొట్టాన్ని హెడ్‌లైటు దగ్గర పెట్టి చూశాడు. సున్నా. ప్రతి బస్సుకీ సున్నా. ఆనందంగా సంతకం పెట్టాడు.

అంతా అయ్యేసరికి మేస్త్రి భార్య సీట్లోంచి తల బయటపెట్టి, అమాయకంగా అడిగింది. "సార్, మరి రివర్సులో వెళ్తే?"

ఇన్‌స్పెక్టరు మొహం పాలిపోయింది. రివర్సులో వెళ్తే వెనకవైపే ముందవుతుంది! శాఖలో ఫైలు కదిలింది. మధ్యాహ్నానికి పీఏ షెడ్డుకొచ్చాడు.

"రివర్సు తీసెయ్యాలి. ఆ గేరు పడగానే ఇంజన్ ఆగిపోవాలి. రెండు వందల బస్సులకీ. రేపటికల్లా."

"బాగా ఆలోచించారాండీ?"

"ఆర్డరొచ్చాక ఆలోచించడం క్రమశిక్షణారాహిత్యం."

మేస్త్రి తన భార్యకు ఫోన్ చేశాడు. "చెయ్యి," అందావిడ. "ఒక్క బస్సూ వదలకు. శ్రద్ధగా చెయ్యి."

"నువ్వెందుకే అంత సంబరపడుతున్నావు?"

"మేం డిపోలో బళ్ళెలా పెడతామో ఎప్పుడైనా చూశావా? మూతి గోడకి ఆనించి."

మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించాడు. తరవాత స్టూలు మీంచి కిందపడేదాకా నవ్వాడు. లేచి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, బస్సులన్నీ చేరే వేళకి ఈల వేసుకుంటూ డిపోకి వెళ్ళాడు.

మర్నాడు తెల్లారగానే డిపోలో రెండు వందల ఇంజన్లు ఒక్కసారి గర్జించాయి. రెండు వందల చేతులు రివర్సు గేరు వేశాయి. డిపో ప్రశాంతంగా మారింది. డ్రైవర్లు గోడెక్కి కూర్చుని టీ తాగారు.

ఆ రోజు నగరంలో ఒక్క సిటీ బస్సూ పొగ వదల్లేదు. మంత్రిగారు పదకొండింటికి విజయోత్సవ ప్రెస్‌మీట్ పెట్టారు. విలేఖరులు నడుచుకుంటూ వచ్చేసరికి రెండయింది.