ఇటుకల పండగలో తలల లెక్క

ఆ చైత్రమాసపు బుధవారం పొద్దున సర్వేశ్వరరావు మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తనిఖీ అధికారి జీపులో వస్తాడు. బడిలో పిల్లల తలలు లెక్కపెడతాడు. ఇరవై కనిపిస్తే బడి ఉంటుంది, పంతొమ్మిదే కనిపిస్తే మూతపడుతుంది. కాబట్టి ఇరవై మందిని పలకలతో సహా కూర్చోబెట్టాలి. దీనికోసం మేష్టారు తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా కూడా తొడుక్కున్నాడు.

సిరిసిపుట్టు అనే ఆ ఊరు టైడా దాటాక అరకు ఘాట్ రోడ్డు పక్కన ముప్పై గడపలు. మేష్టారిది సాలూరు. ఒక్క ఏడాది చేసి వచ్చేయమని పన్నెండేళ్ళ కిందట పంపారు. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు. ఈలోగా ప్రభుత్వానికి పొదుపు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఖజానానంతా కొండ మీది బడిపంతుళ్ళే మేసేస్తున్నారని ఎవరో మహానుభావుడు కనిపెట్టి ఉంటాడు. ముందు ఏజెన్సీ అలవెన్సు సగానికి కోశారు, కొండ ఎత్తు మాత్రం పాతదే ఉంచారు. తర్వాత డీఏ ఆపారు. ఆ తర్వాత రేషనలైజేషన్ అని ఒక పెద్ద మాట తెచ్చి, రెండో టీచరు నిర్మలగారిని పక్క మండలానికి పంపేశారు. ఊడ్చే మనిషి పోస్టు ఎత్తేశారు. దాంతో ఐదు తరగతులూ, చీపురూ, గంటా, ఓటర్ల జాబితా, పోలియో చుక్కలూ అన్నీ ఈయన నెత్తినే పడ్డాయి. ఫిబ్రవరిలో మేకల గణన కూడా అప్పగించారు. మేకలు ఓటర్ల మాదిరి ఒకచోట నిలబడవు కాబట్టి ఆ పని మార్చి దాకా సాగింది.

ఇప్పుడు కొత్త ఆర్డరు. ఇరవై మంది లేని బడిని మూసి, పిల్లల్ని గెడ్డ అవతలి గొందిమెట్ట బడిలో కలపాలి. వానాకాలం పొంగే ఆ వాగు దాటాలంటే పెద్దవాళ్ళే తాడు పట్టుకుంటారు. ఆ సంగతి ఆర్డరు రాసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. బడి మూస్తే మేష్టారు మిగులు టీచరు అవుతాడు, అలా మిగులైనవాళ్ళను ఇంకా లోతట్టున ఉన్న డొంకరాయికి పంపుతున్నారు. డొంకరాయి అయితే అయింది, ఆయన ఓర్చుకోగలడు. మూడో తరగతి చదివే కనక అనే పిల్ల సంగతే ఆయనకు మింగుడు పడలేదు. ఆ గుంట మొన్ననే బస్సు మీది బోర్డు కూడబలుక్కుని చదివింది. వాళ్ళ ఇంట్లో మొట్టమొదట అక్షరం చదివిన మనిషి అదే. బడి మూసిన మర్నాడే అది మేకల వెంట కొండెక్కేస్తుందని ఆయనకు తెలుసు.

తనిఖీ తేదీని ఆఫీసులో క్యాలెండరు చూసి పెట్టారు. ఆ క్యాలెండరులో ఇటుకల పండగ లేదు. సిరిసిపుట్టులో ఉంది. పండగ రోజుల్లో మగవాళ్ళంతా, పలక పట్టగల మగపిల్లలతో సహా, విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఏదో ఒకటి కొట్టుకురావాలి. ఖాళీ చేతులతో ఊళ్ళో అడుగుపెట్టినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. ఇందులో హోదాలు చూడరు, కిందటేడు సర్పంచికి కూడా మినహాయింపు దొరకలేదు. మగవాళ్ళు అడవిలో ఉండగా ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, వచ్చే పోయే బళ్ళను ఆపి, పండగ డబ్బులు పుచ్చుకుని వదులుతారు. ఆడపిల్లలు తల్లుల వెంట అక్కడే ఉంటారు.

అంటే రిజిస్టరులోని ఇరవై ఏడుగురిలో పద్నాలుగు మంది అడవిలో, పదమూడు మంది రోడ్డు మీద. బడిలో మేష్టారొక్కడే. మగపిల్లలు కొండ దిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఏం చెయ్యాలో తోచక ఆయన వెదురు దగ్గరకు పోయాడు. అక్కడ పెత్తనమంతా కనక నాయనమ్మ సోములమ్మది.

"సోములమ్మా, పదింటికి ఒక జీపు వస్తుంది. ఆపు. డబ్బులిస్తే వెంటనే తీసుకోకు. మన మగపిల్లలు దిగేదాకా కాస్త నాన్చు," అన్నాడు మేష్టారు.

"పండగ పూట డబ్బులిత్తే వొద్దనాలా? ఇదేటి మేస్టారూ?"

"వద్దనకు. తర్వాత అను. లేకపోతే బడి పోతుంది."

సోములమ్మ కాసేపు ఆలోచించి సరేనంది. అయితే ఒకరి దగ్గర తీసుకుని ఒకరి దగ్గర మానేస్తే ఊళ్ళో తగువు వస్తుంది కాబట్టి, మధ్యాహ్నం దాకా ఏ బండి దగ్గరా పైసా ముట్టకూడదనీ, ఏ బండినీ వదలకూడదనీ తీర్పు చెప్పింది. మేష్టారికి ఇందులో ప్రమాదం కనిపించలేదు. అంతటితో ఊరుకోకుండా, అధికారి వచ్చేసరికి చదువు సాగుతూ కనిపిస్తే బాగుంటుందని నల్లబల్ల మోసుకొచ్చి వెదురుకే తగిలించాడు. పదమూడు మంది ఆడపిల్లల్ని రోడ్డు మీదే వరసలు కట్టించి, గట్టిగా ఎక్కాలు చెప్పించడం మొదలుపెట్టాడు.

తనిఖీ అధికారి పేరు ఫణీంద్ర. ఉద్యోగంలో చేరి రెండు నెలలు. జీతాల కోత మీద టీచర్ల సంఘాలు ఎక్కడికక్కడ రాస్తారోకోలు చేస్తాయని ఆ ఉదయమే టిఫిను తింటూ పేపర్లో చదివాడు. దాంతో సగం ఇడ్లీ ప్లేటులోనే వదిలేశాడు. జీపు మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా వెదురు, నలభై మంది ఆడవాళ్ళు, ఒక్క గొంతుతో అరుస్తున్న పిల్లలు, వాళ్ళ ముందు బెత్తం ఊపుతూ ఒక ఉపాధ్యాయుడు కనిపించారు.

డ్రైవరు పైడయ్య నవ్వి, కంగారేమీ లేదనీ, ఇది ఇటుకల పండగనీ, ఓ పది రూపాయలు పారేస్తే వెదురు లేచిపోతుందనీ చెప్పాడు. ఫణీంద్ర పది నోటు చాచాడు. సోములమ్మ ఇప్పుడొద్దంది. ఇరవై చాచాడు. వద్దంది. యాభై కాగితం తీశాడు. యాభై చూసేసరికి పాపం సోములమ్మ చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. కానీ మాట ఇచ్చింది కదా, చేతులు రెండూ వెనక్కి కట్టేసుకుని తల అడ్డంగా ఊపింది. పైడయ్య మొహంలో నవ్వు మాయమైంది.

"సార్, పద్దెనిమిదేళ్ళయి ఈ రోడ్డు మీద బండి తోల్తన్నాను. ఇటుకల పండక్కి డబ్బులొద్దన్న ఆడోళ్ళని నేనింతవరకూ సూళ్ళేదు. ఇది పండగ కాదు. ఇంకేటో ఉంది," అన్నాడు.

అదే సమయానికి మేష్టారు అధికారికి స్వాగతం చెబుదామని ఒక చేతిలో హాజరు పట్టీ, ఒక చేతిలో బెత్తంతో జీపు వైపు పరుగెత్తుకొచ్చాడు. బెత్తం కింద పెట్టాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. జీపు వెనక్కి తిరిగి టైడా రైల్వే స్టేషన్ దాకా ఆగకుండా పోయింది.

స్టేషన్ ఫోనులో ఫణీంద్ర నలభై మంది ఆడవాళ్ళనే చెప్పాడు. మండలాఫీసు దాటేసరికి వాళ్ళు నాలుగు వందలయ్యారు. జీతాల కోతకు నిరసనగా ఒక ఉపాధ్యాయుడు గిరిజన మహిళలతో రోడ్డు దిగ్బంధం చేయించాడనీ, యాభై రూపాయలిస్తానన్నా లొంగలేదనీ వార్త పోయింది. ఇక్కడ వెదురు దగ్గర ఆర్టీసీ బస్సు ఆగింది. దాని వెనక కాఫీ గింజల లారీ, దాని వెనక అరకు చూడటానికి వచ్చిన రెండు వ్యాన్లు ఆగాయి. అందరూ డబ్బులు పట్టుకుని దిగారు. అందరికీ సోములమ్మ తర్వాత అనే చెప్పింది. వచ్చిన లక్ష్మిని ఇలా వెనక్కి తిప్పడం ఏటని కొందరు ఆడవాళ్ళు సణిగారు కూడా.

పదకొండున్నరకు టీచర్ల సంఘం నాయకుడు కామేష్ స్కూటరు మీద జెండాతో సహా దిగాడు. ఆయన మూడు వారాలుగా జీతాల కోత మీద ఉద్యమం నడుపుతున్నాడు. చివరిసారి ధర్నాకు పదకొండు మంది వచ్చారు, అందులో ఇద్దరు టీ కోసం. ఇప్పుడు రెండో మలుపు దాకా నిలిచిపోయిన బళ్ళు చూసి ఆయనకు కళ్ళు చెమర్చాయి. నిజానికి సర్వేశ్వరరావు మేష్టారు ఉద్యమాలకు ఆమడ దూరం ఉండే మనిషి. సంఘం పంచిన నల్ల బ్యాడ్జీని కూడా ఇంట్లో తలుపేసుకుని పెట్టుకుని, విప్పేసి బయటకు వచ్చాడు. అలాంటి మనిషి మెడలో కామేష్ బంతిపూల దండ వేసేశాడు.

"నేను బడి నడుపుతున్నానండీ, అంతే," అన్నాడు మేష్టారు, దండ తియ్యబోతూ.

కామేష్ ఆ దండను మళ్ళీ సర్ది, రోడ్డునే బడిగా మార్చిన పోరాటయోధుడని తన స్కూటరు వెనక కూర్చుని వచ్చిన విలేకరికి చెప్పాడు. విలేకరి రాసుకున్నాడు. మేష్టారు ఎంత కాదన్నా అది వినయం కిందే జమ అయింది.

పన్నెండున్నరకు పోలీసు వ్యాను, దాని వెనక జిల్లా నుంచి పెద్దాఫీసరు, ఆయన వెనక అద్దాలు బిగించుకున్న జీపులో ఫణీంద్ర వచ్చారు. పెద్దాఫీసరు దిగి చర్చలకు గొంతు సవరించుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే కొండ మీద డప్పులు మోగాయి. విల్లంబులతో మగవాళ్ళు, వాళ్ళ వెనక చిన్న చిన్న విల్లులతో పద్నాలుగు మంది పిల్లలు వరసగా దిగడం మొదలెట్టారు. కానిస్టేబుళ్ళు నాలుగడుగులు వెనక్కి వేశారు. మేష్టారికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి ఎదురు చూస్తున్న తలలు దిగుతుంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, రోడ్డు మీది పదమూడూ కలుపుకుని, చెయ్యెత్తి, గొంతు చించుకుని ఇరవై ఏడు అని అరిచాడు.

"ఇరవై ఏడు డిమాండ్లట సార్," అన్నాడు ఎస్సై.

పెద్దాఫీసరుకు చెమట పట్టింది. పొదుపు చేయమన్నవాళ్ళు ఇరవై ఏడు డిమాండ్లు తీర్చమనరు కదా. అయినా అన్నీ ఒక్కొక్కటిగా చెప్పమని సోములమ్మను అడిగాడు. సోములమ్మ ముందు ఎండ వైపు చూసింది, తర్వాత పిల్లల వైపు చూసింది. మధ్యాహ్నం అయింది, మగపిల్లలు దిగారు, మేష్టారికిచ్చిన మాట తీరిపోయింది.

"పది రూపాయలియ్యండి," అంది.

"సరే. మిగతా ఇరవై ఆరు?"

"ఇంకేటీ వొద్దు బాబూ. పది ఇచ్చి బేగి ఎల్లిపోండి. మాకు అవతల వంటలున్నాయి."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో పెద్దాఫీసరు ఇంత సులువైన చర్చలు చూడలేదు. జేబులోంచి పది తీసి ఇచ్చి, ఆమె మనసు మారేలోపే ఒప్పందం రాయించడానికి మేష్టారిని జీపెక్కించాడు. వెదురు లేచింది. బళ్ళన్నీ డబ్బులిచ్చి కదిలిపోయాయి. ఇరవై ఏడు మంది పిల్లలూ రోడ్డు పక్కన బుద్ధిగా నిలబడి చేతులూపారు. వాళ్ళను లెక్కపెట్టాల్సిన ఫణీంద్ర జీపు అద్దం దించనే లేదు.

పొద్దు వాలే వేళకు మేష్టారు బస్సు దిగాడు. వెదురు దగ్గర ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. మగవాళ్ళంతా కలిసి ఒక కుందేలును కొట్టుకొచ్చారు కాబట్టి ఆ ఏటి పేడనీళ్ళ గండం గట్టెక్కి, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఏం తెచ్చినారని సోములమ్మ అడిగింది. మేష్టారు తన నోటితో చెప్పలేక కాగితం కనక చేతికిచ్చాడు. ఆ గుంట ఒక్కో అక్షరం పట్టుకుని, ఒత్తులు కూడా విడవకుండా చదివింది. అందులో ఏముందో తెలిసి కూడా, ఆ చదవడం వింటుంటే మేష్టారికి గర్వంతో ఛాతీ పొంగింది.

ఆందోళనకారులు కోరిన పది రూపాయలు అక్కడికక్కడే చెల్లించడమైనది కాబట్టి ఉపాధ్యాయుల జీతాల సమస్య పూర్తిగా పరిష్కారమైనది. అలవెన్సు కోత యథాతథం. బడి వేళల్లో బడి వదిలి రోడ్డు మీద ఉన్నందుకు సర్వేశ్వరరావు గారికి ఒక రోజు జీతం కోత. శాంతిభద్రతల దృష్ట్యా సిరిసిపుట్టు బడిని మూయడం లేదు. అయితే మూత జాబితా ప్రకారం ఒక పోస్టు తగ్గించి తీరాలి కాబట్టి గొందిమెట్ట టీచరును మిగులుగా చూపి డొంకరాయి పంపి, ఆ బడిని కూడా, అదనపు వేతనం లేకుండా, సర్వేశ్వరరావు గారికే అప్పగించడమైనది. కింద మేష్టారి సంతకం ఉంది. సంఘం దీన్ని చారిత్రక విజయంగా ప్రకటించిందని బస్సులో ఎవరో చెప్పారు.



"అంటే బడి ఉన్నట్టేనా?" అంది సోములమ్మ.

"ఉంది."

"గుంట సదూకుంటాది?"

"చదువుకుంటుంది."

"మరి మీకేటొచ్చింది మేస్టారూ?"

మేష్టారు రెండు చేతులూ తెరిచి చూపించాడు. సోములమ్మ ఆ చేతుల వంక చూసింది, తర్వాత మిగతా ఆడవాళ్ళ వంక చూసింది. బడి నిలబెట్టిన మనిషని ఆవిడకు ఎంతో గౌరవం ఉంది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కానీ పండగ పండగే. ఆవిడ లేచి పొద్దుట కలిపి పెట్టిన బాల్చీ వైపు నడిచింది. పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్న మేష్టారికి విడమర్చి చెప్పక్కర్లేదు. కళ్ళజోడు తీసి, చంకలోని హాజరు పట్టీతో కలిపి కనక చేతికిచ్చి, ఇస్త్రీ చొక్కా గుండీ పెట్టుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాడు.

ఆ ఏడాది మొత్తంలో ఎవరూ పొదుపు పాటించనిది ఆ పేడనీళ్ళ విషయంలోనే.