మిరపకాయల గదిలో పాత ఖాతా

ఆ శనివారం పొద్దున రాజ్యం వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త తోమా కల్లానికి వెళ్లి, ఆరబోసిన మిరపకాయలు తిరగేసి వచ్చేలోగా, వెనక గదిలోని పాత కంప్యూటరును కూతురు ఆరాధన ఒక్క పావుగంట వెలిగించాలి. అందులోంచి ఒక తాళం రాసుకోవాలి. మళ్లీ గోనెపట్టా కప్పేయాలి. తోమాకు తెలియకూడదు. మరునాటికి అతనికి యాభై నిండుతాయి.

తోమా పదకొండేళ్లు సత్తెనపల్లిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపాడు. ఆరు కంప్యూటర్లు. మనుషులు రానప్పుడు అవి ఊరికే ఉండకుండా, ఎక్కడో కొత్త మందులు కనిపెట్టే శాస్త్రవేత్తలకు లెక్కలు చేసి పెట్టేవి. కూలి లేదు. చేసిన లెక్కలకు మార్కులు మాత్రం వేసేవారు. దాన్ని క్రెడిట్ అంటారు. దానితో ఒక టీ కూడా రాదు. ఇంటింటికీ ఫోన్లు వచ్చాక సెంటర్ మూతపడింది. బోర్డు తోమాయే విప్పి, ఒక్క కంప్యూటరు ఇంటికి తెచ్చుకున్నాడు. రెండెకరాలు కౌలుకు తీసుకున్నాడు. ఎవరైనా సెంటర్ మాట ఎత్తితే, "ఆ పదకొండేళ్లూ నేను లేననుకోండి" అనేవాడు. విన్నప్పుడల్లా రాజ్యానికి భయం. లేననుకోవడమేమిటి, ఏం మాటది!

"ఆ మార్కులు ఇంకా అక్కడే ఉంటాయమ్మా" అంది ఆరాధన. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. "రేపు ఫోన్లో నాన్నకి చూపిద్దాం. పాత ఈమెయిల్ పోయింది. నాన్న పేరు కొడితే సైట్లో రావట్లా. కానీ కంప్యూటర్లో ఒక ఫైలుంటది. అందులో ముప్పై రెండు అక్షరాల తాళం ఉంటది. అది కొడితే ఖాతా తెరుచుకుంటది."

"ఫైలు లేకపోతే?"

"ఉంటదిలే."

"లేకపోతేనే? ఒకసారి పోయింది మళ్లీ పోయినట్టు కాదూ మీ నాన్నకి? అందుకే ముందు ఆయన చెవిన పడకూడదంటన్నా."

రాజ్యం జాగ్రత్తలన్నీ తీసుకుంది. కూతురికి రబ్బరు చెప్పులు తొడిగించి, కర్రపీట మీద నిలబెట్టింది. కరెంటు పట్టుకుంటే కొట్టి విడిపించడానికి తాను రోకలి పట్టుకుని వెనకే నిలుచుంది. ఎవరిని కొట్టాలో, యంత్రాన్నా పిల్లనా, అది మాత్రం ఆలోచించలేదు.

ఆ గదిలో ఏడు పంటల మిరపకాయలు బస చేసి వెళ్లాయి. కంప్యూటరు మాత్రం కదల్లేదు. ఆరాధన మీట నొక్కగానే దాని లోపలి ఫ్యాను ఒకసారి మూలిగి, గిర్రున తిరిగి, ఏడేళ్ల కారాన్నంతా ఒక్కసారిగా ఊదింది. తల్లీకూతుళ్లు తుమ్మడం మొదలుపెట్టారు. ఇల్లు అంటుకుంటోందనుకున్న రాజ్యం కిటికీలు తెరిచి, టేబుల్ ఫ్యాను బయటికి తిప్పి పెట్టింది. గదికి మంచిదే అయింది. వీధికి కాలేదు.

ముందుగా ఎదురింటి సుబ్బరావమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏమే రాజ్యం! దిష్టి తీశావా? మిరపకాయలు పొయ్యిలో వేసినట్టున్నావే! చర్చికెళ్లేవాళ్లు మీరు కూడా తీస్తారా?" ఆ గొంతులో ఆశ్చర్యం కంటే ఆనందం ఎక్కువ.

సుబ్బరావమ్మకు కంప్యూటరు సంగతి చెబితే కాఫీ వేళకు కల్లం చేరుతుంది. దిష్టేనన్నట్టు రాజ్యం తల ఊపింది.

"ఎవరికి?"

"పాపకి, అత్తా."

"ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేదే! దిష్టి ఉంటే అసలు కమరు వాసనే రాదు. ఇది జబ్బే!"

అబద్ధం తనదే అయినా ఆ మాటను రాజ్యం నమ్మేసింది. లోపలికి వెళ్లి కూతురి నుదురు పట్టుకు చూసింది. వెచ్చగానే ఉన్నట్టుంది.

"అమ్మా, ఎండాకాలం వస్తందమ్మా! జరుగు, ఫైలు దొరికింది" అంది ఆరాధన.

రాజ్యం తలుపు దగ్గరకు వేసి, వాకిట్లో కాపలా నిలబడింది. అప్పటికే సుబ్బరావమ్మ గొంతు విని పాస్టరు మార్క్ గారు గేటు తీస్తున్నారు.

"వందనాలండీ అయ్యగారూ."

"నిన్ను తప్పుపట్టడానికి రాలేదు రాజ్యమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "పిల్లకి బాగోకపోతే తల్లికి భయమేస్తది. కానీ మిరపకాయల దాకా ఎందుకెళ్లావు? నేను రెండిళ్ల అవతలే ఉన్నాగా."

రాజ్యానికి సిగ్గుతో భూమిలోకి వెళ్లాలనిపించింది. నిజం చెబుదామని నోరు తెరిచింది. పక్కనే సుబ్బరావమ్మ చెవి. నోరు మూసింది. మార్క్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

లోపల ఆరాధనకు కళ్లు మండి తెర సరిగ్గా కనిపించడం లేదు. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ ఫోన్లో కొడుతోంది. "ఎఫ్... త్రీ... జీరో... సీ... హాచ్! మళ్లీ సీ... నైన్... అయ్యో, సీ కాదు, ఈ..."

ప్రార్థన ఆగింది.

"సంధి మాటలు!" అంది సుబ్బరావమ్మ. "జ్వరం తలకెక్కి పిల్ల సంధిలో పడిందే తల్లీ!"

ఆ కేకకు వీధి చివర ఆటో తుడుచుకుంటున్న గౌస్ బాషా బండిని వెనక్కి నడిపిస్తూ నేరుగా వాకిట్లోకి తెచ్చాడు. "ఎక్కించండమ్మా! పావుగంటలో సత్తెనపల్లి ఆసుపత్రిలో ఉంటాం. తోమా అన్నకి ఫోన్ కొట్టేశా, వస్తన్నాడు."

"ఎందుకు కొట్టావురా!" అని అరిచింది రాజ్యం. "ఆగండి, ఇంకా పది ఉన్నాయి!"

"పదేంటమ్మా?"

"నిమిషాలు" అంది రాజ్యం, అక్షరాలనబోయి మింగేసి. ఆ రోజుకు అది మూడో అబద్ధమో నాలుగోదో, లెక్క తప్పింది.

తోమా చెప్పులు కూడా లేకుండా బండి మీద వచ్చాడు. బండిని స్టాండు వేయకుండానే వదిలేసి, "పాపేదీ? పాపేదీ?" అంటూ తలుపు తోసుకుని వెళ్లాడు. వెనకే అందరూ.

ముక్కు కారుతూ, కళ్లు ఎర్రబడి, ఫోన్ పైకెత్తి ఆరాధన నవ్వుతోంది. "నాన్నా! తెరుచుకుంది!" పక్కన కంప్యూటరు టప్పుమని, కాస్త పొగ వదిలి, ఆరిపోయింది.

తోమా కూతురిని చూశాడు. కంప్యూటరును చూశాడు. "దీన్నెందుకు తీశారు?" అన్నాడు.

ఇక దాచడానికేమీ లేదు. రాజ్యం అందరి ముందూ అంతా చెప్పేసింది. పాస్టరు గారికి రెండు చేతులూ జోడించింది. సుబ్బరావమ్మ ముఖం చిన్నబోయింది, ఎవరికీ జబ్బు లేదని తెలిసి.

"కానీ నాన్నా" అంది ఆరాధన ఫోన్ చూస్తూ. "ఇది నీ ఖాతా కాదు. పేరు వేరే ఉంది."

రాజ్యం వాకిలి వైపు చూసింది. పరాయివాళ్ల ఖాతా తెరిచారు. ఇక పోలీసులే. "మూసెయ్యవే! తుడిచెయ్యి!"

"నువ్వే చదువమ్మా."

ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడానికి కొంత సమయం పట్టింది. పైన రాజ్యం అని ఉంది. కింద నలభై ఒక్క లక్షల మార్కులు.

తోమా తల వంచుకున్నాడు. "పేరేం పెట్టాలని అడిగింది అది. నీ పేరే తట్టింది."

"పదకొండేళ్లు నా పేరు దేశాలు తిరుగుతుంటే నాకు చెప్పొద్దా!"

"చెబితే భయపడతావని."

ఎవరూ నవ్వలేదు, గౌస్ బాషా తప్ప. మార్క్ గారు ఫోన్ అందుకుని కళ్లద్దాల కిందనుంచి చూశారు. "మందుల కోసమేనా తోమా, ఈ లెక్కలన్నీ?"

"అవునండీ. ఆరు మిషన్లూ చేశాయి. ఎండాకాలం కూడా ఆపలేదు." ఏడేళ్లలో తోమా తన సెంటర్ గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదలు. కింద తేదీలు వేలితో జరుపుతూ, "ఇది పాప ఎల్కేజీలో చేరిన వారం. ఇది తుపాను వచ్చినప్పుడు, మూడు రోజులు కరెంటు లేదు, చూడు, ఇక్కడ సున్నా" అని ఒక్కొక్కటే చెప్పాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. కల్లంలోంచి వచ్చిన చేతులు కాబట్టి ఆ నీళ్లు దేనికో ఎవరూ అడగలేదు.

మార్క్ గారు సగంలో ఆగిన ప్రార్థనను, మాటలు మార్చి, పూర్తి చేశారు.

నలభై ఒక్క లక్షల సంగతి ఎవరికీ చెప్పవద్దని రాజ్యం ఆ సాయంత్రం ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చింది.