పల్చటి పోలు పదికాలాలు చల్లగా ఉండాలి!

వీధిలైటు పోలు అన్నాక రేకు పల్చగానే ఉండాలి! మందంగా ఉండాలనేవాళ్లు అభివృద్ధి నిరోధకులు.

రాజోలు దగ్గర మా ఊరి సెంటర్లో కొత్తగా స్టీలు పోలు వేశారు. ఎంత లావో! ఇద్దరు చేతులు కలిపినా చుట్టు అందదు. రేకు మాత్రం పూతరేకుకు పెద్దన్నయ్య. పూతరేకులో అయినా బెల్లం, నెయ్యి ఉంటాయి, ఇందులో ఏమీ లేదు. అయినా జనం చూసేది లావునే కదా? మందం చూడాలంటే పోలు లోపల దూరాలి. అంత తీరిక ఎవరికుంది?

కుక్కపిల్ల పుట్టినరోజుకే ఫ్లెక్సీ కట్టే సీమ మాది. పోలుకు కట్టమా? కొత్త పోలుకు స్వాగతం చెబుతూ ఆ పోలుకే నిలువెత్తు ఫ్లెక్సీ కట్టాం. పై వరసలో నా ఫొటో. సముద్రపు గాలి రాగానే ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బింది. పోలు విరగలేదండోయ్! నడుం దగ్గర నొక్కుపడి, భూలక్ష్మి ఇడ్లీ బండి మీదకు వినయంగా వంగింది. గోదావరి మర్యాద పోలుక్కూడా అబ్బింది!

పోలు వేయించిన ఇంజనీరు మోహన్ గారు వచ్చి విడమరిచి చెప్పారు. పోలు వ్యాసాన్ని రేకు మందంతో భాగించాలట. ఆ నిష్పత్తి మరీ పెరిగితే, స్టీలు బలమంతా వాడుకోకముందే రేకు నొక్కుకుపోతుందట.

"అందుకే రేకు మీద ఇంతకుమించి స్ట్రెస్సు, అదే ఒత్తిడి, రాకూడదని లెక్కలో ఆ హద్దు ముందే తగ్గించి రాసేమండీ," అన్నారు.

ఆ కబురు గాలికి అందినట్టు లేదు. తప్పు గాలిదే!

ఇప్పుడెన్ని లాభాలో! వెలుగు సరిగ్గా ఇడ్లీ పాత్రలోనే పడుతోంది. తిన్నవాళ్లు కబుర్లకు కూర్చోకుండా లేచిపోతున్నారు. నా ముఖం జనానికి మరింత దగ్గరైంది.

భూలక్ష్మికే ఇవేవీ పట్టలేదు. "బండి తీసేయమంటారాండీ? ఈ చోటొదిలేస్తే రేపే ఇంకోళ్లు పెట్టేస్తారు. ఉందామంటే మీద పడిపోద్దేమోనని భయంగా ఉందండీ."

"ఆయ్, ఏం పర్లేదమ్మా. లెక్క ప్రకారం సేఫే," అన్నారు మోహన్ గారు.

"అయితే ఇలా వచ్చి బల్ల మీద కూచోండి బాబూ, వేడిగా పెడతాను."

ఆయన ఒకసారి పోలు వైపు, ఒకసారి బల్ల వైపు చూశారు. గబగబా రోడ్డు దాటి కాలవ గట్టెక్కారు.

"పార్సెల్ కట్టేయమ్మా!" అని అక్కణ్ణుంచే కేకేశారు.

నేనప్పటికే గట్టు మీదున్నాను. పోలు ఎటు పడినా మమ్మల్ని అందుకోలేదు. ఆ ఒక్క లెక్కా ఆయన కాగితం అక్కర్లేకుండా కచ్చితంగా వేశారు.

భూలక్ష్మి రోడ్డు దాటి వచ్చి, మా ఇద్దరికీ పార్సెళ్లు ఇచ్చి, మళ్లీ పోలు కిందికే వెళ్లింది.