దిష్టి నోటీసు

ఆ ఆదివారం పొద్దున ఓంప్రకాశ్ పెట్టుకున్న పని ఒక్కటే. గేటుకు కట్టిన గుమ్మడికాయ కుళ్లిపోయింది, దాన్ని తీసి కొత్తది కట్టాలి. గృహప్రవేశమై రెండు నెలలు కాలేదు, ఇది ఐదో కాయ. కట్టిన వారానికల్లా కుళ్లి, వచ్చిపోయేవాళ్ల నెత్తిన నీళ్లు కారుస్తోంది.

ఓంప్రకాశ్‌కు కొత్తవాడలో నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి. పదిహేనేళ్లు ఆ చప్పుడులో బతికి కూడబెట్టినదానికి బ్యాంకు అప్పు కలిపి, హనుమకొండ అవతల కొత్త కాలనీలో ఇల్లు కట్టాడు. చిన్న ఇల్లే. కాకపోతే ముందు టేకు తలుపు పెట్టి, గేటుకు నెమలి బొమ్మ చేయించాడు. అదే కొంప ముంచిందని వాళ్లమ్మ రాజవ్వ తేల్చేసింది. వచ్చిన ప్రతివాడూ ఆ తలుపు తడిమి, మంచిగా కట్టినవురా అన్నవాడే. మర్నాడే బోరు మోటరు కాలింది. తర్వాత స్లాబు కారింది. ఆ తర్వాత ఓంప్రకాశే బాత్‌రూంలో జారిపడి వారం రోజులు పక్కకు తిరిగి పడుకున్నాడు. ఎదురింటి మొగిలమ్మ రోజూ సాయంత్రం అరుగు మీద కూచుని ఇటు చూసి నిట్టూరుస్తుంది. ఎన్నిసార్లు నిట్టూర్చిందో రాజవ్వ లెక్కపెడుతుంది.

ఆ గల్లీలో ఇళ్లు పదకొండు. భూముల ధరలు ఎగబాకిన రోజుల్లో అందరూ ఎగబడి అప్పులు తెచ్చి కట్టినవే. ఇవాళ కొంటే ఎల్లుండికి రెట్టింపని నమ్మారు, పాపం. ఆ ఎల్లుండి రాలేదు. ధరలు ఎక్కడివక్కడే కూచున్నాయి, కిస్తీలు మాత్రం నెలనెలా తప్పకుండా వచ్చాయి. ఇప్పుడు మూడు ఇళ్లకు తాళాలు పడ్డాయి. బ్యాంకు స్వాధీనం చేసుకున్నది, వేలం వేయబడును అంటూ వాటి గేట్లకు నోటీసులు అతికించి ఉన్నాయి.

నిచ్చెనెక్కిన ఓంప్రకాశ్‌కు గల్లీ చివర అలాంటి ఇల్లొకటి కనిపించింది. రెండంతస్తులు, పైన అద్దాలు, తన ఇంటిని తలదన్నే ఇల్లు. అయినా ఎవరూ దాన్ని కన్నెత్తి చూడరు. చూసినా పాపమని పోతారు. ఓంప్రకాశ్ గుమ్మడికాయతో సహా కిందికి దిగాడు.

"అవ్వా, దిష్టికి గుమ్మడికాయ కంటె బ్యాంకు నోటీసే మంచిగ పనిచేస్తాంది."

రాజవ్వ కొడుకును ఎగాదిగా చూసింది. తర్వాత గల్లీ చివరకు చూసింది. కొడుకు చదువుకు పెట్టిన ఖర్చు ఇన్నాళ్లకు గిట్టుబాటైందనుకుంది. ఓంప్రకాశ్ భార్య యమున పిల్లను తీసుకుని రఘునాథపల్లిలో పుట్టింటికి వెళ్లింది కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

ఆ ఇంటికి గేటు మీదొకటి, గోడ మీదొకటి రెండు నోటీసులున్నాయి. ఒకటి తెస్తే బ్యాంకుకొచ్చే నష్టమేముందని ఓంప్రకాశ్ ఊడబోతున్న కాగితాన్ని పీక్కొచ్చాడు. వానకు తడిసి పేరు, ఇంటి నంబరు అలికినట్టయ్యాయి. బ్యాంకు పేరు, వేలం అన్న పెద్దక్షరాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. రాజవ్వ ఉడకబెట్టిన మైదాపిండితో దాన్ని నెమలి పక్కన అతికించాడు. ఏ పనికైనా ఓ పద్ధతుండాలని రాజవ్వ నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది.

మందు వెంటనే పనిచేసింది. సాయంత్రానికి మొగిలమ్మ చుక్కకూర పప్పు గిన్నెతో వచ్చి, ఫికర్ చేయొద్దని కొంగుతో కళ్లొత్తుకుంది. నిట్టూర్పు ఒక్కటంటే ఒక్కటి లేదు. తల్లీకొడుకులు ఆ పప్పును లొట్టలేసుకుంటూ తిన్నారు.

సోమవారం పాలవాడు నెల పైసలు ముందే ఇస్తేనే పాలు పోస్తానన్నాడు. మధ్యాహ్నం నూలు అప్పిచ్చే సేటు టెంపో పంపించి, మగ్గాల షెడ్డులోంచి రెండు బేళ్లు వెనక్కి ఎత్తుకుపోయాడు. ఓంప్రకాశ్ కాగితం పీకేస్తానంటే రాజవ్వ ఒప్పుకోలేదు. మందుల కోర్సు మధ్యలో ఆపితే రోగం తిరగబెడుతుందని డాక్టర్లే చెబుతారంది.

మంగళవారం బ్రోకరు భానుచందర్ మూడు కుటుంబాలను రెండు ఆటోల్లో దింపాడు. వేలానికి ముందు ఇల్లు చూసుకోవాలని వచ్చారట. ఇది వేలం ఇల్లు కాదని ఓంప్రకాశ్ మొత్తుకున్నాడు. భానుచందర్ అతని భుజం మీద చెయ్యేసి, మొదట్లో అందరూ ఇట్లనే అంటారన్నా అని ఓదార్చాడు. ఒకాయన టేపుతో హాలు కొలిచాడు. ఇంకో పెద్దాయన దేవుడి గదిలో నిలబడి ఈశాన్యం బాగుందన్నాడు. టేకు తలుపు అందరికీ నచ్చింది.

సరిగ్గా అప్పుడే యమున పిల్లతో ఆటో దిగింది. ముక్కూమొహం తెలియని ఆడమనిషొకామె ఎదురొచ్చి, ఈ వంటగది గోడ కొట్టేసి పెద్దగా చేసుకుంటామని ఆమెకే వివరించింది. యమున గేటు దగ్గరికి వెళ్లి నోటీసు చదివింది. మొగుణ్ని పిలిచింది. ఓంప్రకాశ్ నీళ్లు నమిలి, నమిలి, ఉన్నదంతా చెప్పాడు. ఆమె మెట్ల మీద కూలబడింది.

"నా పుస్తెలతాడు కుదువపెట్టి పునాది పోసినం. గా ఇంటి మీద గీ కాయితం నీ చేతుల్తోనే అతికించినవా?"

అంతకంటే ఆమె గట్టిగా అరిచినా బాగుండేది. ఓంప్రకాశ్‌కు ఏడుపొచ్చింది. పరుగెత్తి గేటు గీకడం మొదలుపెట్టాడు. రాజవ్వ కాచిన మైదా ఆషామాషీది కాదు, నెమలి రంగు ఊడింది గానీ కాగితం ఊడలేదు. గోళ్లతో గీకుతుంటే వెనక కారు ఆగింది. దిగినవాడు అతనికి అప్పిచ్చిన బ్యాంకు మేనేజరు విజయ్‌కుమార్. కాలనీ వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఫొటో ఆయన దాకా పోయింది.

"ఇల్లు మా దగ్గర కుదువ ఉంటే నోటీసు వేరే బ్యాంకుదెట్లొచ్చింది? ఒకే ఇంటి మీద రెండు అప్పులా? ఇది నిజమైతే వారంలో మొత్తం కట్టాలె. లేకుంటే వేలం మేమే వేస్తం."

వేలమన్న మాట వినగానే కొనేవాళ్లంతా దగ్గరికి జరిగారు. ఓంప్రకాశ్ కాగితానికి అడ్డంగా గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. రాజవ్వే ముందుకొచ్చింది.

"తప్పయింది సారూ. దిష్టికని మేమే అతికించినం."

ఇరవై ఏళ్ల సర్వీసులో విజయ్‌కుమార్ చాలా కారణాలు విన్నాడు. ఇది వినలేదు. కళ్లజోడు పెట్టుకుని పసుపూ కుంకుమా పరిశీలించాడు, అలుక్కుపోయిన నంబరు చూశాడు, ఆ రెండో బ్యాంకుకు ఫోన్ చేశాడు. వాళ్లు వెతికి చెప్పడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా యమున గేటు ఊచను పట్టుకుని వదల్లేదు. ఓంప్రకాశ్ పేరుతో తమ దగ్గర ఏ అప్పూ లేదని అవతలివాళ్లు చెప్పాక, విజయ్‌కుమార్ ముందు ఓంప్రకాశ్‌ను చెడామడా తిట్టాడు. తర్వాత చాయ్ తాగాడు. ఇంతమంది చూశాక కాగితం గీకేస్తే సరిపోదు, రేపు బ్రాంచి నుంచి ఉత్తరమిస్తాను, అది గేటుకు పెట్టు అన్నాడు.

బుధవారం ఉత్తరం వచ్చింది. గుండ్రటి స్టాంపు, పచ్చ సిరా సంతకం. ఈ ఇంటి యజమాని ఇంతవరకూ ఒక్క కిస్తీ తప్పలేదనీ, రెండు కిస్తీలు ముందే కట్టాడనీ, తమ బ్రాంచికి గర్వకారణమనీ అందులో రాసి ఉంది. ఓంప్రకాశ్ కళ్లు చెమర్చాయి. యమున స్వయంగా మైదా కాచి అతికించింది. భానుచందర్ మళ్లీ కనబడలేదు, పాలు వచ్చాయి, నూలు బేళ్లు తిరిగొచ్చాయి.

సాయంత్రానికి గల్లీ అంతా గేటు ముందు నిలబడింది. చదువొచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించారు. మొగిలమ్మ రెండుసార్లు చదివించుకుంది.

"అందరి ఇండ్లు మునుగుతాంటె, వీనికి ముందుగాల కట్టేటందుకు పైసలు యాడియో" అంది. తన పప్పు గిన్నె తను తీసుకుపోయింది. అరుగు మీద కూచుని ఆమె విడిచిన నిట్టూర్పు ఇంట్లో ఉన్న అందరికీ వినబడింది.

గురువారం పొద్దున్నే రాజవ్వ ఆ ఉత్తరం కిందున్న నంబరుకు ఫోన్ చేసి, అసలు నోటీసు రావాలంటే ఎన్ని కిస్తీలు ఎగ్గొట్టాలో మర్యాదగా కనుక్కుంది.