పదకొండో నంబరు

ఆదివారం పొద్దున ఉమామహేష్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇడ్లీ తినాలి, మేడ మీదికెక్కి కొత్త టెంటు వేయాలి, వాన పడుతుంటే అందులో తడవకుండా కూర్చోవాలి. అంతే. గాజువాకలో ఒక వీధి వీధంతా ఖాళీ అయిపోవడానికి ఇది చాలుతుందని ఎవరైనా చెబితే అతను కూడా నవ్వేవాడు.

ఆ టెంటు మొత్తం కిలోన్నర బరువు. మధ్యలో ఒకే ఒక్క కర్ర, చుట్టూ నలుపుకు దగ్గరగా ఉండే బూడిదరంగు గుడ్డ. పైకి పోయేకొద్దీ మొనదేలి, మనిషెత్తు గరాటును బోర్లించినట్టుంటుంది. ఎంత గాలివానకైనా తట్టుకుంటుందని అమ్మినవాళ్లు చెప్పారు. అందులో పడుకుని వంజంగి కొండ మీద మబ్బులు చూడాలని ఉమామహేష్ కోరిక. భార్య హిమబిందు ఆ కోరికను ఒక్క మాటతో ఆపేసింది.

"వంజంగి సంగతి తర్వాత. అసలు మీరు వానలో బయట కూకోగలరా?"

ఈ ప్రశ్న వెనక చాలా చరిత్ర ఉంది. హుద్‌హుద్ తుఫాను నాడు కిటికీ అద్దాలు పగులుతుంటే ఉమామహేష్ బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. వీధి తలుపు ఊడిపోకుండా వీపు ఆనించి నిలబడింది హిమబిందు. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు ఆ కథ కూడా వస్తుంది. "బకెట్టు బోర్లించుకుని దాని మీద కూకున్నారండీ" అన్న ముక్క దగ్గర వచ్చినవాళ్లు కాఫీ ఒలకబోసుకుంటారు. ఉమామహేష్ కూడా నవ్వుతూ బిస్కెట్ల ప్లేటు అందిస్తాడు. లోపల మాత్రం అతనికి ఏడుపొస్తుంది.

"అయితే పందెం," అన్నాడు ఆ పొద్దున. "నాను టెంట్లో కూకుంటాను. ఎవులైనా వచ్చి జిప్పు తీసేదాకా బయటికి రాను. నెగ్గేనంటే ఆ బాత్రూం కథ ఇంకెవులికీ సెప్పకూడదు."

"మద్దెలో నాను పిలిస్తేనో?"

"పిలిచినా పలకను."

"నాను పిలవక్కర్లేదులెండి. మీరే వచ్చీసి తలుపు కొడతారు," అంది హిమబిందు, చట్నీ గిన్నె మూత పెడుతూ.

మేడ మీద లోకం సగం మాయమై ఉంది. ముసురు తెరలో యారాడ కొండ లేదు. ఎదుటి బిల్డింగు ఉన్నట్టే ఉండి లేదు. పొద్దున్నే పోయిన కరెంటు తిరిగి రాలేదు, ఫోన్లలో నెట్‌వర్కు లేదు. సముద్రంలో లంగరేసిన ఓడేదో ఉండుండి కూత వేస్తోంది. ఆ కూత ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు.

స్లాబులో మేకులు దిగవు కనుక ఉమామహేష్ టెంటు తాళ్లను వాటర్ ట్యాంకు పైపుకి, రెండు క్రోటన్ కుండీలకి, నీళ్లు నింపిన పెయింటు బకెట్టుకి కట్టాడు. ఫోను కింద ఇంట్లోనే వదిలేశాడు. లోపలికి దూరి, జిప్పు లాగేసుకుని, చాప మీద బాసింపట్టు వేసుకున్నాడు.

సరిగ్గా ఆ సమయానికి ఎదుటి బిల్డింగు రెండో అంతస్తు బాల్కనీలోకి గురునాథరావు వచ్చి నిలబడ్డాడు. ఆయన పోర్టులో సిగ్నల్‌మేన్‌గా చేసి రిటైరైన మనిషి. తుఫాను వస్తుందంటే యారాడ కొండ మీదున్న సిగ్నల్ స్తంభం పైకి నల్లటి కోన్లు, డ్రమ్ములు ఎత్తడం ఆయన ఉద్యోగం. వాటిని చూసి సముద్రం మీదున్నవాళ్లు ఎన్నో నంబరు ప్రమాదమో తెలుసుకునేవారు. ఇప్పుడు నంబర్లు టీవీలో వస్తున్నాయి. ఆయన్ని అడిగేవాళ్లు లేరు. అయినా అలవాటు కొద్దీ రోజూ పొద్దున్నే కొండవైపు చూస్తాడు. ఈమధ్యే కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాడు.

ఆ రోజు చూస్తే కొండ లేదు, స్తంభం లేదు. నల్లటి కోను ఒక్కటి ఆకాశంలో నిలబడి ఉంది.

గురునాథరావు గబగబా వెళ్లి బయటి తలుపు తీశాడు. మెట్లు తుడుస్తున్న జోగమ్మను పిలిచాడు. రెండు బిల్డింగులూ తుడిచేది ఆమే, రెండు బిల్డింగుల కబుర్లూ మోసేదీ ఆమే.

"జోగమ్మా, సిగ్నల్ ఎత్తేరే. పెద్ద నంబరే."

ఆ "పెద్ద నంబరు" మెట్లు దిగి గేటు చేరేసరికి "పదో నంబరు" అయింది. పదో నంబరంటే ఆ వీధిలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ నాడు విన్న నంబరు అదే. బిందెలు నిండాయి, గ్యాసు బండలు కట్టేశారు, మూల కొట్లో కొవ్వొత్తులు, బ్రెడ్డు అయిపోయాయి. సంగతేమిటో తేల్చుకుందామని జనం గొడుగులేసుకుని గురునాథరావు బాల్కనీ కింద చేరారు.

ఇక్కడ టెంట్లో ఉమామహేష్ కాళ్లు చాపుకుందామని కదిలాడు. కాలు తగిలి మధ్య కర్ర జారింది. టెంటు మొత్తం కూలి అతని మీద పడింది. తిట్టుకుంటూ, చీకట్లో వెతుక్కుంటూ, ఎలాగోలా లోపలినుంచే కర్ర నిలబెట్టాడు.

"దించీసేరు," అన్నాడు గురునాథరావు పైనుంచి. జనం ఊపిరి పీల్చుకునేలోగా ఆయన గొంతు మారిపోయింది. "కాదు... మళ్లీ ఎత్తుతన్నారు."

"అలాగెత్తితే ఏటండి అర్థం తాతగోరూ?" అంది జోగమ్మ.

అలా దించి ఎత్తడం ఆయన సర్వీసులో లేదు. సర్వీసు మొత్తంలో ఆయన ఎత్తని నంబరు కూడా ఒకటే ఉంది.

"పదకొండు," అన్నాడు.

"పదకొండు కూడా ఉంటాదేటి?"

"ఉంటాది. వాతావరణం ఆఫీసుతో సంబంధాలు తెగిపోయేయని."

జోగమ్మ కొంగులోంచి ఫోను తీసి చూసుకుంది. నెట్‌వర్కు గీతలు ఒక్కటీ లేవు. "అంటే, ఇంక సెప్పడానిక్కూడా అక్కడ ఎవులూ నేరన్నమాట," అంది మెల్లిగా.

ఎవరూ కేకలు పెట్టలేదు. కేకలు పెట్టినా బాగుండేది. మాటా పలుకూ లేకుండా జనం సంచులు సర్దుకుని వీధి చివరి హైస్కూలు బిల్డింగు వైపు నడిచారు. హిమబిందు మేడమెట్ల సగం దాకా ఎక్కి గాలికి భయపడి ఆగిపోయింది.

"ఏవండీ, వచ్చీండి, ఎల్లిపోదాం," అని పిలిచింది. "ఏవండీ, అందరూ ఎల్లిపోతన్నారు." జవాబు లేదు. మూడోసారి పేరు పెట్టి కూడా పిలిచింది.

టెంట్లో ఉమామహేష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. అబ్బో, ఎంత నటన. ఆ గొంతులో వణుకు కూడా ఎంత బాగా పెట్టిందో అనుకున్నాడు. మెట్ల మీద హిమబిందు, "ఇంకెక్కడి మనిషి, అందరికన్నా ముందే పారిపోయుంటారు," అని తేల్చేసుకుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో పట్టుకుని, భర్తను వెతుక్కుంటూ స్కూలుకి పోయింది.

తర్వాత నిశ్శబ్దం మొదలైంది. ఉమామహేష్‌కి అది వెంటనే తెలియలేదు. కుక్కర్ కూత రాలేదేమిటని మొదట అనుకున్నాడు. తర్వాత ఆటో హారన్ లేదు. పిల్లల అరుపు లేదు. ఆదివారం మధ్యాహ్నం గాజువాకలో మనిషి గొంతు వినపడకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక ఎరగడు. గుడ్డ మీద వాన చప్పుడు ఒకటే. కింద ఎక్కడో కట్టేయడం మరిచిన కుళాయి కారుతోంది. బట్టలారేసే తీగ కీచుమంటోంది. ఓడ మళ్లీ కూసింది. ఈసారి ఆ కూత మేడ పక్కనే అనిపించింది.

పిలిచింది నిజంగా హిమబిందేనా?

ఆ ఆలోచన వచ్చాక ఇంక పోలేదు. తెలిసిన గొంతుతో పిలిచేవి కొన్ని ఉంటాయని, వాటికి పలికితే అంతే సంగతులని చిన్నప్పుడు నాయనమ్మ చెప్పింది. పలకకపోవడమే మంచిదైంది అనుకున్నాడు. బయటికి పోదామంటే పందెం. పందెం లేకపోయినా అతను జిప్పు తీసేలా లేడు.

అప్పుడు అడుగుల చప్పుడు వినిపించింది. తడి స్లాబు మీద ఒట్టి పాదాలు. టెంటు చుట్టూ ఒకసారి తిరిగాయి. ఆగాయి. గుడ్డ మీద ఒక అరచెయ్యి ఆనింది, ఐదు వేళ్లూ విడివిడిగా కనిపించాయి.

"నిన్ను ఎవులెత్తేరు?" అంది ఒక గొంతు.

ఉమామహేష్ ఊపిరి బిగబట్టాడు.

"ఎవులి ఆర్డరు మీద ఎత్తేరు?"

బిగబట్టిన ఊపిరి ముక్కులోకి ఎక్కింది. గట్టిగా తుమ్మాడు.

చెయ్యి గుడ్డ మీంచి ఎగిరిపోయింది. తర్వాత ఎవరో ఆ వానలోనే చతికిలబడ్డ చప్పుడు.

"ఒంటి తుమ్ము," అంది ఆ గొంతు దీనంగా. "మంచిది కాదు. ఇంకోటి తుమ్మీ నాయనా, నాను లేస్తాను."

దెయ్యం తుమ్మమని బతిమాలితే ఏం చేయాలో నాయనమ్మ చెప్పలేదు. ఉమామహేష్ ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, రానిదాన్ని తెచ్చుకుని, ఎంతో మర్యాదగా ఇంకోసారి తుమ్మాడు. "అమ్మయ్య," అంది గొంతు. జిప్పు మెల్లిగా పైకి పోయింది. నీళ్లోడుతున్న తెల్ల పంచె, నల్ల కళ్లద్దాలు, వాటి వెనక గురునాథరావు. ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ అరవడానికి నోరు తెరిచారు కానీ ఎవరికీ గొంతు రాలేదు.

"ఉమా," అన్నాడు చివరికి పెద్దాయన. "సిగ్నల్లో ఏటి సేత్తన్నావ్?"

"సిగ్నలేటి బాబాయ్? ఇది టెంటు. వంజంగి ఎల్దామని..."

గురునాథరావు గుడ్డను రెండు వేళ్లతో పట్టి చూశాడు. తాడు చూశాడు, పెయింటు బకెట్టు చూశాడు. లోపలికొచ్చి చాప మీద కూలబడ్డాడు. జనం పోయాక సిగ్నల్‌ను దగ్గరగా చూద్దామని ఈ మేడ ఎక్కిన సంగతితో సహా జరిగిందంతా చెప్పేసరికి ఉమామహేష్ నెత్తిన పిడుగు పడినట్టయింది. బయటికొచ్చి పిట్టగోడ మీంచి తొంగి చూశాడు. వీధంతా తలుపులు మూసి ఉన్నాయి. మూల కొట్టు బల్ల మీద సగం తాగిన టీ గ్లాసులో వాన నీళ్లు నిండుతున్నాయి. ఇదంతా తన టెంటు చేసిన పనే. వాళ్లకు తెలిస్తే తనను బతకనివ్వరు.

"ఈది ఈదంతా పంపీసేను," అన్నాడు గురునాథరావు లోపల్నుంచి. "రిటైరయ్యేక నన్ను ఒక్కడు కూడా ఒక్క ముక్క అడగలేదురా. ఇయాల అడిగేరు. రేపట్నుంచి నాను బాల్కనీలో ఎలా కూకోను?"

ఉమామహేష్ లోపలికి దూరి ఆయన పక్కన కూర్చున్నాడు.

"అందరూ పోతే మీరెల్లలేదేటి బాబాయ్?"

"సిగ్నల్ పైనుండగా సిగ్నల్‌మేన్ ఎక్కడికెల్తాడు?" అన్నాడాయన, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

ఉమామహేష్‌కి బోర్లించిన బకెట్టు గుర్తొచ్చింది. తను ఇంతసేపు ఈ మేడ మీద నిలవగలిగింది సంగతి తెలియక. ఈ ముసలాయన తెలిసి నిలబడ్డాడు.

"బాబాయ్, లెగండి. సిగ్నల్ దించుదాం," అన్నాడు.

గురునాథరావు పంచె బిగించి నిటారుగా నిలబడి ఆర్డరిచ్చాడు. ఉమామహేష్ కర్ర లాగేశాడు. మేడ మీంచి పెద్దాయన వేసిన కేక విని స్కూలు వరండాలో జోగమ్మ, "దించీసేరు," అని చెప్పిన కాసేపటికి జనం సంచులతో వెనక్కి బయల్దేరారు.

గేటు దగ్గర అందరూ గురునాథరావును చుట్టుముట్టారు. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. పక్కనే చంకలో దిండంత మూటతో ఉమామహేష్. హిమబిందు పరుగున వచ్చింది. ఆమె కళ్లు ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి.

"ఎక్కడున్నారు మీరు? స్కూలంతా వెతికేను."

వీధంతా అతని వైపు చూసింది. మేడ మీద టెంట్లో ఉన్నానంటే చాలు, పందెం అతనిదే. అతను పెద్దాయన తడి పంచె వైపు చూశాడు.

"బాత్రూంలో," అన్నాడు.

అంతవరకు చచ్చేంత భయపడి ఉన్న జనం పగలబడి నవ్వారు. హిమబిందు ఏదో అనబోయింది. ఇంటి తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉంది. భర్త తడిసిన చొక్కా చూసింది, చంకలో మూట చూసింది, గురునాథరావు దించుకున్న తల చూసింది, ఖాళీగా ఉన్న మేడ పైకి ఒకసారి చూసింది. తాళంచెవి మెల్లిగా పర్సులో వేసుకుంది.

"నాకు తెల్సు," అంది అందరికీ వినపడేలా. "బకెట్టు బోర్లించుకునే ఉంటారు."

సాయంత్రం కరెంటు వచ్చాక టీవీలో ఒకటో నంబరనే చెప్పారు. "తాతగోరు దించీమన్నాక ఇంకేటుంటాది," అంది జోగమ్మ. ఇప్పుడు ఆ వీధిలో వడియాలు పెట్టాలన్నా బాల్కనీ కిందికి వెళ్లి గురునాథరావును అడుగుతారు.

"లోపల తడిసిందేటి?" అని అడిగింది హిమబిందు ఆ పూట, మూట విప్పి చూస్తూ.

"చుక్క పళ్లేదు."

"అయితే వచ్చే ఆదివారం వంజంగి ఎల్దాం," అంది.

హుద్‌హుద్ కథ మాత్రం ఆగలేదు. పైగా దానికి రెండో భాగం కూడా చేరింది. ఇంటికొచ్చినవాళ్లకు ఇప్పుడు కాఫీతో రెండు కథలు వస్తున్నాయి, రెండింట్లోనూ బకెట్టు ఉంటుంది. ఆ రోజు ఇంటికి తాళం వేసి, తాళంచెవి తానే పట్టుకెళ్లానన్న ముక్క మాత్రం హిమబిందు ఎప్పుడూ మరిచిపోతుంది.