చెత్త చాలని బడి

బడి భోజనశాలల్లో ఇకమీదట ఒక్క మెతుకు కూడా వృథా కాకూడదని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటనను నాలుగు రంగుల్లో అచ్చేయించి, మెరిసే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ప్రతి బడికీ మూడేసి కాపీలు పంపించారు. పర్యావరణమంటే ఆయనకు ప్రాణం.

ఈ బడిలో ఆ కవరు వంటక్కకు ఉప్పు డబ్బా మీద కట్టడానికి పనికొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా ఆ వంటగది ఆమెదే. మొదటి గంట కొట్టగానే ప్రతి తరగతి గుమ్మంలోనూ నిలబడి, "ఇవాళ ఎవరికి బాగా తినాలనుందర్రా?" అని చేతులెత్తిస్తుంది. ఆ చేతుల్ని బట్టి బియ్యం పోస్తుంది. వడ్డనలో మొదట చిన్న గరిటె, మళ్లీ అడిగినవాళ్లకు పెద్ద గరిటె. రెండు వందల మంది తిని లేచాక బుట్టలో కాసిని తొక్కలు తప్ప ఏమీ ఉండవు.

విద్యాశాఖ ఆఫీసరు తూకం మిషనుతో వచ్చి ఆ బుట్ట తూచి, మొహం మాడ్చుకున్నాడు.

"రెండు కిలోలేనా?"

"రోజూ అంతేనండి."

"ఇలాగైతే కష్టమమ్మా. మూడు నెలల్లో వేస్టు డెబ్బై శాతం తగ్గాలి. లేనిదాన్ని ఏం తగ్గిస్తావు?"

"లేకపోతే మంచిదే కదండీ?"

"నీకు మంచిదే. తగ్గించని బడికి వంటగది రద్దు. భోజనం ఫ్యాక్టరీ నుంచి డబ్బాల్లో వస్తుంది. రూలు."

హెడ్మాస్టారు చేతులు నలుపుకుంటూ, "ఇవాళేదో పిల్లలు పొరపాటున బాగా తినేశారు సార్. రేపు ఒక్కసారి మళ్లీ చూడండి" అని బతిమాలాడు.

"ఎంతుండాలండి?" అంది వంటక్క.

"నలభై కిలోలుంటే గౌరవంగా ఉంటుంది."

మర్నాడు ఆమె అన్నం గిన్నె పట్టుకుని బుట్ట దాకా రెండుసార్లు వెళ్లింది. పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. అదృష్టం కొద్దీ, పక్కవీధి హాల్లో మంత్రిగారి 'వృథా నివారణ సదస్సు' అప్పుడే ముగిసింది. వెనక గుమ్మం దగ్గర ముట్టని ప్లేట్లతో డ్రమ్ములు పొంగిపొర్లుతున్నాయి. బంట్రోతు సాయంతో ఒకటి తోపుడుబండి మీద తెచ్చుకుంది.

నలభై మూడు కిలోలు.

"శభాష్! చెత్తంటే ఇలా ఉండాలి" అన్నాడు ఆఫీసరు.

మూడు నెలలకు మళ్లీ తూచారు. రెండు కిలోలు. తొంభై అయిదు శాతం తగ్గుదల! అన్ని బళ్లలోకీ ఫస్టు ప్రైజు వచ్చింది.

షీల్డు ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా దయచేశారు. వెనక పదకొండు కార్లు. మూడు వందల మంది అతిథులకు భోజనశాలలోనే విందు. పిల్లలు ఎండలో నిలబడి చప్పట్లు కొట్టారు. "ఈ తల్లికి అన్నం విలువ నేర్పే భాగ్యం నాకు దక్కింది" అని మంత్రిగారు వినయంగా చెప్పుకున్నారు. ఫొటోలయ్యాక అందరూ తలో రెండు ముద్దలు తిని వెళ్లిపోయారు.

ప్రైజు ఇచ్చిన రోజు ఆఖరి తూకం వెయ్యాలని ఇంకో రూలుంది. ఆఫీసరు తూచాడు. అరవై ఒక్క కిలోలు.

"ఇదంతా మీవాళ్లు వదిలిందేనండీ!"

"ఎవరు వదిలారో రాయడానికి కాలమ్ లేదమ్మా. బుట్ట మీదే కదా?"

వారం తిరక్కుండా వంటగదికి తాళం పడింది. షీల్డును ఆ తలుపుకే తగిలించారు. వంటక్కను తీసెయ్యలేదు, ప్రభుత్వానికి ఆ పాటి దయ ఉంది. డబ్బాలు పంచే పని ఇచ్చారు. అన్ని డబ్బాలూ ఒకటే కొలత.

మొదటి గంట కొట్టగానే, గుమ్మంలో ఆమె కనబడితే పిల్లలు అలవాటుగా చేతులెత్తారు. "దించండర్రా" అంది వంటక్క.

మధ్యాహ్నం బుట్టలు నిండిపోయి, సగం డబ్బాలు నేల మీదే పెట్టాల్సి వచ్చింది. ఆఫీసరు తూచాడు. నలభై ఎనిమిది కిలోలు, ఎవరి సాయమూ లేకుండా.

"చూశావా వంటక్కా, ఇప్పుడు దారిలో పడ్డారు" అంటూ అతను కొత్త ఫారంలో మొదటి గడి సంతోషంగా నింపాడు. "వచ్చే ఏడు కూడా ఫస్టు ప్రైజు మీదే!"