అతిథికి దక్కని తల

ఆ ఉదయం టీ తాగుతూ కుబాత్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. జర్మనీ నుంచి వచ్చిన హార్ట్‌ముట్ అనే పళ్ళ డాక్టరు ముందురోజే లైసెన్సు ప్రకారం తన కొండమేకపోతుని కొట్టేశాడు. వేట అయిపోయింది. ఇక మిగిలింది చుట్టుపక్కల చూడదగ్గ చోట్లు చూపించడం, సాయంత్రం విందు పెట్టడం, మర్నాడు ఆ కొమ్ముల తలతో సహా ఆయన్ని బిష్కెక్‌లో విమానం ఎక్కించడం. చంటిపిల్లవాడు కూడా చెడగొట్టలేని కార్యక్రమం. అయితే కిర్గిజ్ కొండల్లోని మా నారిన్ లోయ వాళ్ళని తక్కువ అంచనా వేయకూడదు.

కుబాత్‌కి ఈయన మొదటి అతిథి. కంపెనీ మేనేజరు సబీరా ముందే తేల్చి చెప్పింది. ఈ అతిథి సంతోషంగా వెళితే కుబాత్‌కి గైడు ఉద్యోగం ఖాయం. వెళ్ళకపోతే మళ్ళీ మామగారి గొర్రెలే దిక్కు. మామ తోరోకాన్ గొర్రెల్ని మెత్తగా పిలుస్తాడు, అల్లుణ్ణి మాత్రం లోయ అవతలి ఊరికి కూడా వినపడేలా పిలుస్తాడు. అందుకే కుబాత్ అప్పు చేసి కొత్త బూట్లు కొన్నాడు, తన పాత నీవా జీపుని రెండుసార్లు కడిగాడు.

సబీరా ఇంకో మాట కూడా చెప్పింది. "తలని కంటికి రెప్పలా చూసుకో. ముఖం మీద ఒక్క వెంట్రుక ఊడినా ఊరుకోరు. ఇంత దూరం వచ్చేది మాంసం కోసం కాదు, గోడకి తగిలించుకునే ఆ ముఖం కోసం." కుబాత్ ఆ తలకి గుడ్డ కప్పి చల్లటి కొట్టులో పెట్టాడు. ఈ సంగతి తల్లికి మాత్రం చెప్పలేదు. కొట్టులో ఏం ఉండాలో ఏం ఉండకూడదో తల్లికి చెప్పేంత ధైర్యం మా లోయలో ఇంతవరకు ఎవరికీ రాలేదు.

అతిథిని ఎక్కించుకుని ఏరు దాటాక బైనాక్యులర్స్ ఇంట్లోనే మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. జీపు వెనక్కి తిప్పాడు. డాక్టరుని జీపులోనే కూర్చోబెట్టి గేటు తీయగానే వెంట్రుకలు కాలుతున్న వాసన వచ్చింది. మాకు ఆ వాసన అంటే పండగ, ఎవరో అతిథికి వడ్డించడానికి తల కాలుస్తున్నారని అర్థం. కుబాత్‌కి అలవాటు కొద్దీ నోరూరింది, ఆ తర్వాతే కొట్టులో పెట్టిన తల గుర్తొచ్చి పరిగెత్తాడు.

పెరట్లో భార్య బురుల్ కొమ్ములు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది. తల్లి కాలిపా గొట్టంలోంచి మంట చిమ్మే పెట్రోలు దీపం భగభగ మండిస్తూ ఆ తలని అటూ ఇటూ తిప్పి కాలుస్తోంది. ముఖం అప్పటికే బొగ్గులా నల్లబడిపోయింది. పక్కనే పొయ్యి మీద డేగిసాలో నీళ్ళు మరుగుతున్నాయి.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"కనపడట్లేదా? నువ్వు చెయ్యాల్సిన పని చేస్తున్నాను. నిన్నట్నుంచి తలని కొట్లో పడేసి ఊరు తిరుగుతున్నావు. పొద్దుగూకేసరికి అతిథి ముందు తల పెట్టకపోతే నా పరువేం కాను?"

"అది తినే తల కాదమ్మా. గోడకి తగిలించుకునేది."

"ఎవరి గోడకి?"

"ఆయన గోడకే. వాళ్ళ ఊళ్ళో."

కాలిపా దీపం ఆపి కొడుకుని ఎగాదిగా చూసింది. "తల తిననివాడు ఇంత దూరం వచ్చి దాన్ని చంపడం దేనికి?"

ఈ ప్రశ్న కంపెనీకి కూడా ఇంతవరకు తట్టలేదు. కుబాత్ అక్కడే మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. అది అతని సొంత తల, ఆ పూటకి అదొక్కటే క్షేమంగా ఉంది.

"మా నాన్న దగ్గర ఒకటుంది కదా," అంది బురుల్, కొమ్ములు వదలకుండానే. "బీడులో గుడిసె గోడకి. సోవియట్ రోజుల్లో పొట్టు కూరించి పెట్టింది. అదీ కొండపోతే."

మనిషి మునిగేటప్పుడు గడ్డిపోచ కూడా పడవలాగే కనపడుతుంది. ఆ పాత తలని తెచ్చి, ఉప్పు చల్లి, గోనెసంచిలో పెట్టి కుట్టేస్తే సరి. డాక్టరు తన ఊరు వెళ్ళి విప్పుకునేసరికి కుబాత్ పక్కా గైడు అయిపోయి ఉంటాడు. "ఆ కాల్చినదాన్ని నేనొచ్చేలోపు ఎక్కడా కనపడకుండా చెయ్యమ్మా," అని చెప్పి, బైనాక్యులర్స్ మళ్ళీ మర్చిపోయి, జీపెక్కాడు.

తోరోకాన్ మధ్యాహ్నం దాటితే గానీ గుడిసెకి రాడు. అప్పటిదాకా డాక్టరుని తిప్పాలి. మా లోయలో చూడదగ్గవి మూడే మూడు. జలపాతంలో వేసవి దాటితే నీళ్ళుండవు. బడిలో ఉన్న మ్యూజియం తాళంచెవి మేష్టారి దగ్గర ఉంటుంది, మేష్టారు ఎక్కడో పెళ్ళిలో ఉన్నాడు. కూడలిలో ఉండాల్సిన విగ్రహాన్ని రంగు వెయ్యడానికి తీసుకెళ్ళారు, పోయినేడు. మిగిలింది చుట్టాల ఇళ్ళు. వాటికి మాత్రం కొదవ లేదు.

డాక్టరు తూర్పు జర్మనీలో చదువుకున్న రోజుల్లో బళ్ళో నేర్చుకున్న రష్యన్‌ని ఆచితూచి మాట్లాడేవాడు. మొదటి ఇంటి ముందు దిగి కెమెరా తీసి గౌరవంగా అడిగాడు. "ఇది ఏ కాలం నాటి కట్టడం?"

"మా పిన్నిగారిల్లండి. పోయినేడు కట్టారు."

పిన్ని రొట్టె విరిచి పెట్టింది. రెండో ఇంట్లో నూనెలో వేయించిన పిండిముక్కలు, బోర్సోక్, కుప్పపోశారు. మూడో ఇంట్లో పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నె ఖాళీ అయిన ప్రతిసారీ నింపారు. నాలుగో ఇంటికి వచ్చేసరికి డాక్టరు బెల్టు ఒక కన్నం వదులు చేసుకుని, "ఇంకా ఎన్ని చారిత్రక స్థలాలు ఉన్నాయి?" అని దీనంగా అడిగాడు. అబద్ధమాడటం ఇంత కడుపునిండా సాగుతుందని కుబాత్ కూడా అనుకోలేదు. ఆ పెద్దాయన ముఖం చూస్తే అతనికి నిజంగానే సిగ్గేసింది. అయినా ఆగలేదు.

బీడుకి చేరేసరికి తోరోకాన్ గుడిసె ముందు కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. కుబాత్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. తగ్గించడం మామగారికి అలవాటు లేదు.

"నా తల కావాలా? నలభై ఏళ్ళ నుంచి గోడ మీద ఉన్న తల? ఏవయ్యా అల్లుడూ, గొర్రెలు కాయమంటే నామోషీ, తలలు మార్చడానికి నామోషీ లేదా?"

"మెల్లగా మామయ్యా. ఆయనకి రష్యన్ వచ్చు."

"నేను కిర్గిజ్‌లో తిడుతున్నాను. ఆ పై వాలు మీద మంద ఉంది. ముందు దాన్ని దొడ్లోకి తోలు. తర్వాత తల గురించి మాట్లాడదాం."

అప్పు చేసి కొన్న బూట్లతో కుబాత్ వాలెక్కాడు. గొర్రెలు పాత పగ ఏదో గుర్తుపెట్టుకున్నట్టు అతన్ని చూడగానే నాలుగు వైపులకీ చీలిపోయాయి. ఒక వైపు వాటిని మళ్ళిస్తే ఇంకో వైపువి ఏట్లోకి దిగాయి. కుబాత్ జారి పడ్డాడు, లేచాడు, పొట్టేలు పొడిస్తే మళ్ళీ పడ్డాడు. కింద నుంచి మామ గొంతు కొండలన్నీ తిరిగొస్తోంది.

"ఆ కాళ్ళు ఎవరి దగ్గర అద్దెకి తెచ్చావయ్యా? ముందుండి తోలతావేం? వెనకాల ఉండు, వెనకాల."

డాక్టరు కాసేపు వీడియో తీశాడు. తర్వాత ఫోను తోరోకాన్ చేతిలో పెట్టి, కోటు విప్పి, తనకు తోచిన భాషలో కేకలు వేస్తూ తనూ వాలెక్కాడు. ఇద్దరూ కలిసి మందని దొడ్లోకి తెచ్చేసరికి ఆయన ముఖం పండులా ఎర్రబడి ఉంది. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"ఆ జర్మనాయన నీకంటే నయం," అన్నాడు తోరోకాన్. "గొర్రె ఆయన మాట వింటోంది."

సాయంత్రం విందుకి కాలిపా పరువు నిలబెట్టడానికి సొంత గొర్రెని కోసి దాని తల డాక్టరు ముందు పెట్టింది. గోడ మీంచి దించి ఇచ్చిన తన తలకి తోడుగా తోరోకాన్ కూడా వచ్చి కూర్చున్నాడు. భోజనాలయ్యాక కుబాత్ కుట్టేసిన గోనెసంచి తెచ్చి నమ్రతగా నిలబడ్డాడు.

"ఒకసారి చూసుకుంటాను," అన్నాడు డాక్టరు.

"విప్పితే ఉప్పు పోతుంది డాక్టరు గారూ. పాడైపోతుంది."

"నిన్న దాని నోట్లో ఒక పన్ను వంకరగా ఉండటం చూశాను. ఇంకోసారి చూడాలనుంది. నా వృత్తి అలాంటిది." ఆయన జేబులోంచి కత్తి తీసి కుట్లు తెంపేశాడు. సంచిలోంచి ముందు ఒక చిమ్మెట బయటికి ఎగిరింది. తర్వాత పాత పొట్టు రాలింది. ఆఖరికి కొండపోతు ముఖం వచ్చింది, ఒక కన్ను డాక్టరు వైపూ ఇంకో కన్ను తలుపు వైపూ చూస్తూ. డాక్టరు గోటితో ఒక కంటి మీద తట్టాడు. టక్కుమంది.

"కుబాత్, నిన్న మనం కొట్టిన పోతుకి గాజు కళ్ళున్నాయా?"

"మంచి గాజు," అన్నాడు తోరోకాన్ గర్వంగా. "తాష్కెంట్ నుంచి తెప్పించాను."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. కుబాత్ దీపం దగ్గర్నుంచి మొదలుపెట్టి గోనెసంచి దాకా అన్నీ ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుంటూ మధ్యలో ఏడ్చాడు కూడా. డాక్టరు అంతా విని గాజు కళ్ళ తలని పక్కన పెట్టాడు.

"మీ అమ్మగారు దాన్ని ఉడకబెట్టారా?"

"ఉడకబెట్టిందండి. మాంసమంతా ఊడొచ్చేదాకా."

"మా ఊళ్ళో కూడా అంతే చేస్తాం. తోలూ మాంసమూ తీసేసి ఎముకా కొమ్ములూ మాత్రమే గోడకి పెట్టుకుంటాం. ఈ పని ఇక్కడ ఎవరితో చేయించాలా, అడిగితే ఏమనుకుంటారో అని నిన్నట్నుంచి మొహమాటపడుతున్నాను." ఆయన కాలిపా వైపు తిరిగి తల వంచి దణ్ణం పెట్టాడు. "ఏదండీ అది?"

కుబాత్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. తల్లి ముఖం చూడగానే మళ్ళీ పోయింది.

"ఎక్కడా కనపడకుండా చెయ్యమన్నాడు కదా," అంది కాలిపా. "అతిథి తలని కుక్కలకి వేస్తానా? మన పెద్దల మజార్ దగ్గర, సమాధి మీద పెట్టి వచ్చాను."

మర్నాడు పొద్దున్నే అందరూ కనుమ దగ్గరున్న మజార్‌కి వెళ్ళారు. పెద్దల సమాధి మీద, మొక్కుగా పెట్టిన పాత కొమ్ముల గుట్ట. అన్నిటికంటే పైన, శుభ్రంగా తెల్లటి ఎముకతో డాక్టరు గారి పోతు. కొమ్ములకి కాలిపా కట్టిన తెల్ల గుడ్డ గాలికి ఎగురుతోంది. పక్క ఊరి ముసలామె ఒకతె అప్పటికే దాని ముందు మోకరిల్లి మనవడికి జ్వరం తగ్గాలని వేడుకుంటోంది.

"నువ్వు అతిథివి. తీసుకుంటే ఎవరూ ఏమనరు," అంది కాలిపా. అలా అంటూ కొమ్ములకి అడ్డంగానే నిలబడింది.

డాక్టరు చెయ్యి చాపి, మళ్ళీ దించుకున్నాడు. ఆయన ముఖంలో బాధ దాచుకోలేనిది. ఇంత దూరం వచ్చి, ఇన్ని కొండలెక్కి, వట్టి చేతులతో వెళ్తున్నాడు. టోపీ తీసి సమాధికి తల వంచి, వెళ్ళి జీపెక్కాడు. విమానాశ్రయంలో దిగేటప్పుడు మాత్రం ఆయన కుబాత్ భుజం తట్టి వెళ్ళాడు. ఎందుకు తట్టాడో కుబాత్‌కి అర్థం కాలేదు. ఇంటికొచ్చి కొత్త బూట్లు తుడిచి, వాటిని ఎవరికి అమ్మాలా అని ఆలోచించాడు.

వారం తిరక్కుండా సబీరా ఫోను చేసింది.

"వేట గైడుగా నువ్వు నాకొద్దు."

"తెలుసక్కా."

"పూర్తిగా విను. ఆ డాక్టరు నీ వీడియో ఊరంతా చూపించాడట. వచ్చే వేసవికి ఒక గుంపు వస్తోంది, తర్వాత ఇంకోటి. వాళ్ళకి తుపాకీలు అక్కర్లేదట. మందని తోలడం కావాలట. నువ్వు ఎలా పడ్డావో సరిగ్గా అలాగే పడాలట. ఉద్యోగం నీదే."

ఇప్పుడు కుబాత్ పక్కా గైడు. రోజూ కంపెనీ బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని మామగారి గొర్రెల వెనకాల పరిగెడతాడు. అతన్ని తిట్టినందుకు తోరోకాన్‌కి కూడా కంపెనీ జీతం ఇస్తోంది.